ప్రార్థన అయ్యేదాకా ఎవరూ కూర్చోరాదు

కళాకారుణ్ణి గౌరవించడం మా పని. కళ సంగతి కళాకారుడు చూసుకోవాలి. ఇంత చిన్న తేడా కూడా అర్థం కానివాళ్లు మా కాకినాడలో ఇంకా ఉన్నారంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను సర్వ కళాభినందన సమితి ప్రధాన కార్యదర్శిని. పేరు కొండేపూడి కామేశ్వరరావు. ఖజానా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా సమితి పుణ్యమా అని ఈ ఊళ్లో సన్మానం జరగని కళాకారుడు లేడు. వీణవాళ్లు అయిపోయారు, హరికథలవాళ్లు అయిపోయారు, నాటకాలవాళ్లు అయిపోయారు. ఆఖరికి మిమిక్రీ చేసే ఒకాయనకి పొరపాటున రెండోసారి కూడా చేసేశాం. మొదటిసారి చేశామని ఆయనా చెప్పలేదు, మహానుభావుడు. కప్పడానికి భుజాలు దొరక్క శాలువాలన్నీ బీరువాలో కలరా ఉండల వాసన కొడుతున్న రోజుల్లో మాకు ‘తుప్పు’ కనపడింది.

తుప్పు అంటే ముగ్గురు పిల్లల బ్యాండు. జగన్నాథపురంలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో సాధన చేసేవాళ్లు. గిటారు వాయించే జోయెల్ చర్చిలో నేర్చుకున్నాడు. డ్రమ్ములు కొట్టే నూకరాజు పెళ్లి బ్యాండులో నేర్చుకున్నాడు. పాడే అమ్మాయి ఎక్కడా నేర్చుకోలేదు, పుట్టుకతోనే గట్టిగా అరిచేదట. పేరు మౌనిక. ఆ పేరు పెట్టినవాళ్ల ఆశకి నా నమస్కారం. వీళ్ల సంగీతాన్ని పాప్ పంక్ అంటారట. కోపాన్ని గెంతుతూ పాడటం అని నాకు అర్థమైంది. ‘కూర్చోను’ అనే పాట ఒకటి కట్టి, ఫోన్లో తీసి జనంలోకి వదిలితే లక్షలమంది చూశారు. మా మనవరాలు చూసింది. మా పాలవాడు చూశాడు. నేను చూడలేదు. సన్మానం చెయ్యడానికి చూడాల్సిన అవసరం లేదు.

కబురు పంపిస్తే ముగ్గురూ మా ఇంటికొచ్చారు. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లు వేసుకున్నారు. మా ఆవిడ జాలిపడి లోపల్నించి పాత పంచెలు తీసుకొచ్చింది. అది ఫ్యాషనని చెప్పి లోపలికి పంపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

“బాబాయ్ గారూ, మాకు సన్మానం వద్దండి. స్టేజి ఎక్కించి ఒక్క పాట పాడనిస్తే చాలండి” అంది మౌనిక.

“సన్మానం లేకుండా పాడితే దాన్ని కచేరీ అంటారమ్మా. మేం కచేరీలు పెట్టం.”

“అయితే సన్మానం చేశాక పాడొచ్చాండి?”

“నిక్షేపంగా.”

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. అసలు సంగతి అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న వీర్రాజు బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. కూతుర్ని బీఈడీ చదివించి టీచర్ని చెయ్యాలని ఆయన పంతం. ఈవిడ బ్యాండు తప్ప ఇంకోటి వద్దంటుంది. నానా రభసా అయ్యాక ఒక ఒప్పందానికొచ్చారట. బీఈడీ కౌన్సెలింగు లోపల నిజమైన స్టేజి మీద, నిజమైన జనం ముందు కూతురు పాడితే ఆయన మొదట్నించి చివరిదాకా వింటాడు. నచ్చితే సరే. నచ్చకపోయినా, అసలు వినే యోగమే లేకపోయినా నోరెత్తకుండా కాలేజీలో చేరాలి.

“ఫోన్లో ఉందిగా, చూపించలేకపోయావా?” అన్నాను.

“చూడడండి. ‘ఫోన్లో ఇంజన్ సప్పుడు ఇనిపించి బాగుసెయ్యమంటే సేస్తానా’ అంటాడు.”

“నీకెందుకమ్మా, నేనున్నాను కదా” అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

*

సభ పదింటికి. హాలు ఒంటిగంటకల్లా పెళ్లివాళ్లకి అప్పజెప్పాలి. మూడు గంటలు! కావలసినంత సమయం. ప్రార్థనా గీతం అయింది, జ్యోతి వెలిగించారు. జ్యోతికి స్టూలు కనపడకపోతే నూకరాజు పెద్ద డ్రమ్ము మీద పెట్టాం. వాడు కెవ్వున కేకేశాడు. పంక్ అంటే ఇదే కాబోలనుకుని ముందు వరస పెద్దలు తలలూపారు.

జిల్లా యువ సాంస్కృతిక వికాసాధికారి డాక్టర్ పరిమి సోమయాజులు గారు మైకు పట్టుకున్నారు. “పంక్ అన్నది పరాయిది కాదని సవినయంగా మనవి చేస్తున్నాను. మన పంక్తిభోజనంలోని పంక్తియే కాలక్రమేణా పశ్చిమానికి వెళ్లి పంక్ అయినది. సదరు పంక్ ప్రక్రియను ప్రభుత్వ పరిధిలోనికి తెచ్చి, మార్గదర్శకాలు రూపొందించి, దశలవారీగా యువతకు అందించు దిశలో మా కార్యాలయం అడుగులు వేస్తున్నది” అన్నారు. ఆ అడుగులు ఎక్కడిదాకా వేశారో వివరించేసరికి ముప్పావుగంట పట్టింది. తరవాత మా సమితి అధ్యక్షుడు, మాజీ మునిసిపల్ ఛైర్మను, రోటరీ ఆయన, శాలువాల కొట్టాయన మాట్లాడారు. శాలువాల కొట్టాయన మాటకారి, బాగా మాట్లాడాడు.

ఇక పాటే. జోయెల్ వైరు తగిలించి తీగ మీద చెయ్యి వేశాడు. ఒక్క ‘టంగ్’ మంది. అంతలో పెళ్లివాళ్ల వంటబ్రాహ్మలు గంగాళాలతో లోపలికొచ్చేశారు.

మూడో వరసలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్లలో గ్రీజు నలుపుతో ఒక మనిషి కూర్చునున్నాడు. లేచి నా దగ్గరికొచ్చి, “అయిపోయిందాండి?” అని అడిగాడు.

“దిగ్విజయంగా అయింది” అన్నాను.

“పాట?”

“మీ అమ్మాయి మెడలో ఎన్ని దండలు పడ్డాయో చూశారా?”

వీర్రాజు చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

*

మర్నాడు పేపర్లో శాలువాలతో ముగ్గురి ఫోటో పడింది. ఇక చూస్కోండి. కాకినాడ చేసి మేం చెయ్యకపోతే ఎలా అని సామర్లకోట, సామర్లకోట చేసి మేం చెయ్యకపోతే ఎలా అని రాజమండ్రి, ఆ తరవాత అమలాపురం, భీమవరం, ఏలూరు! ‘యువ తరంగ’ అన్నారు, ‘పంక్ ప్రపూర్ణ’ అన్నారు, ‘ఆంధ్ర ఆక్రోశ శిరోమణి’ అన్నారు. నూకరాజుకి కిరీటం పెట్టారు. కిందటేడు ఊరుపేరు లేని పిల్లలు మూడు నెలలు తిరక్కుండా ‘సుప్రసిద్ధ’ అయ్యారు, మరో నెలకి ‘లబ్ధప్రతిష్ఠ’ అయ్యారు. ఒక పత్రికలో వాళ్ల గానం మీద పెద్ద వ్యాసం వచ్చింది. రాసినాయన నాకు స్నేహితుడే, ఆయనా వినలేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది, దాయడం ఎందుకు. సోమయాజులు గారి కార్యాలయం నుంచి మార్గదర్శకాలు వచ్చాయి. వేదికను అలంకరించిన పెద్దలందరూ ప్రసంగించిన పిమ్మట మాత్రమే కళాప్రదర్శన జరగవలెను. అంతకుముందు ఆ కళాకారులను సన్మానించిన సంస్థల ప్రతినిధులను తప్పనిసరిగా వేదిక మీదికి పిలువవలెను. న్యాయమైన మాటే కదా! పిలవకపోతే నొచ్చుకోరూ? అంచేత ఊరు మారినకొద్దీ వేదిక పెరిగింది, ముందున్న జనం తరిగారు. భీమవరంలో కుర్చీలు చాలక కిందున్న కుర్చీలే పైకి మోసుకెళ్లాం. ఏలూరు వచ్చేసరికి హాల్లో ఉన్నవాళ్లంతా వేదిక మీదే ఉన్నారు. కింద వీర్రాజు ఒక్కడే మిగిలాడు. వక్తలందరూ “సభాసదులారా” అంటూ పాపం ఆయన్నే చూసి మాట్లాడారు. ఆ మనిషి ఓపికని మెచ్చుకోవాలి, ఆవలింత వస్తే కండువా అడ్డం పెట్టుకున్నాడు గానీ కదల్లేదు.

ఆ సాయంత్రం ఏలూరు బస్టాండులో మౌనిక నా మీద పడింది.

“బాబాయ్ గారూ, మీకు దండం పెడతాను. ఒక్క పాటండి! రెండున్నర నిమిషాలు! మీ శాలువాల కొట్టాయన దగ్గడానికే అంతసేపు పడుతుందండి.”

“పెద్దవాళ్లని అలా అనకూడదమ్మా.”

“మా నాన్న అన్ని ఊళ్లకీ వచ్చాడండి. పని మానుకుని వచ్చాడు. నిన్న రేవులో ఎవరో మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ‘శాలువాలు కప్పించుకుంటది’ అని చెప్పాడటండి. వచ్చే సోమవారం కౌన్సెలింగు. నాకు పాడటం చేతకాదు, దండలకి మెడ వంచడమే వచ్చని ఆయన అనుకుంటున్నాడు.” చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. పక్కనే జోయెల్ గిటారు సంచిలోంచి దండలు తీసి ఒక ఆవుకి పెడుతున్నాడు.

కళ్లు తుడుచుకోమని నా కండువా తీసిచ్చాను. కానీ రూలు రూలే. “ఆదివారం మన ఊళ్లోనే రాష్ట్రస్థాయి యువకళా వైభవం ఉంది. మంత్రిగారొస్తున్నారు. అక్కడ చూద్దాం” అన్నాను.

“వేదిక మీద ఎంతమందుంటారండి?”

నేను ఎదురుగా ఉన్న బస్సు బోర్డు చదవడం మొదలెట్టాను.

*

ఆదివారం పొద్దున్నే పిడుగులాంటి వార్త. మా సభలన్నిటికీ ప్రార్థనా గీతం పాడే అన్నపూర్ణమ్మ గారికి గొంతు పూర్తిగా పోయింది. ముందురోజు మామిడికాయ పచ్చడి రుచి చూశారట. ప్రార్థన లేకుండా సభ మొదలెడితే ఇంకేమన్నా ఉందా! గ్రీన్ రూములో తల పట్టుకుని కూర్చున్నాను. సోమయాజులు గారేమో “ప్రార్థన అనివార్యం, అన్యథా సభ చెల్లదు” అని నా చుట్టూ తిరుగుతున్నారు.

మౌనిక చెప్పులు చప్పుడు చెయ్యకుండా వచ్చి నా పక్కన నిలబడింది.

“బాబాయ్ గారూ, ప్రార్థన మేం పాడతామండి.”

నా కళ్లు చెమర్చాయి. ఈ కాలం పిల్లల్లో ఇంత వినయమా!

“మీకు వచ్చామ్మా?”

“ముగ్గురం కలిసి పాడతామండి. ఒక్క సంగతి చెప్పండి. ప్రార్థనకి ఇంత టైమని ఉంటుందాండి?”

“ఛఛ! ప్రార్థనకి టైము పెట్టకూడదు.”

“మధ్యలో ఎవరైనా ఆపుతారాండి?”

“ఆపడమా? అపచారం! మాట్లాడకూడదు, ఫోను తియ్యకూడదు, అటూ ఇటూ కదలకూడదు.”

“కూర్చోవచ్చాండి?”

“ప్రార్థన అయ్యేదాకా ఎవరూ కూర్చోరాదు. మంత్రి కానీ, మహారాజు కానీ. మా సమితి మొదటి నియమం అదే” అన్నాను గర్వంగా.

“థాంక్సండి” అని నా కాళ్లకి దణ్ణం పెట్టి మరీ వెళ్లింది. డ్రమ్ములు వేదిక మీదికి ఎందుకు మోస్తున్నారని సోమయాజులు గారు అడిగితే, భక్తి సంగీతంలో తాళానికి ప్రాధాన్యం ఉందని నేనే సర్దిచెప్పాను.

హాలు కిటకిటలాడుతోంది. కాలేజీల నుంచి బస్సులు పెట్టి పిల్లల్ని తోలుకొచ్చారు. వేదిక మీద మంత్రిగారు, ఆయన వెనక మూడు వరసల పెద్దలు. ఆ రోజు వీర్రాజుకీ సన్మానం ఉంది, కళాకారిణి తండ్రిగా. ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. నేను మైకు దగ్గరికెళ్లి, “ప్రార్థనా గీతం. అందరూ లేచి నిలబడవలసిందిగా మనవి” అన్నాను. అందరూ లేచారు. మంత్రిగారు చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

నూకరాజు పుల్లలు రెండూ కొట్టుకున్నాయి. ఆ తరవాత పిడుగు పడింది.

*కూర్చో అన్నావ్, కూర్చోను!*
*ఊరుకో అన్నావ్, ఊరుకోను!*
*చేతులు కట్టుకో అన్నావ్,*
*కట్టుకోను, కట్టుకోను, పో!*

కళ్లు తెరిచాను. మంత్రిగారూ తెరిచారు. ఆయన సోమయాజులు గారిని చూశారు. సోమయాజులు గారు నన్ను చూశారు. నేను చేతులు జోడించి సీలింగు ఫ్యాను చూశాను. మొదటి నియమం మాది. ఆపితే అపచారం, కదిలితే అపచారం. జోయెల్ గిటారుతో గెంతుతున్నాడు. ఇంతవరకూ దండలు మోసిన ఆ పిల్ల మెడ నరాలు ఉబ్బేలా పాడుతోంది. అమ్మ బాబోయ్, ఆ గొంతు! నా కళ్లజోడు ముక్కు మీంచి జారింది.

రెండున్నర నిమిషాలు అయ్యాయి. పెద్దలు ఊపిరి పీల్చుకుని కుర్చీల కోసం వెనక్కి చేతులు చాపారు. కానీ నూకరాజు డ్రమ్ము ఆపలేదు. డ్రమ్ము ఆగకపోతే ప్రార్థన అయినట్టా, కానట్టా? ఎవరికి తెలుసు? అదే ఊపులో రెండో పాట అందుకున్నారు. అది రాని బస్సు మీద. ఆగకుండానే మూడోది, అది పరీక్షల మీద. శాలువాల కొట్టాయన మోకాళ్లు వంచబోయాడు. నేను దగ్గాను. నిటారుగా అయిపోయాడు.

“కామేశ్వరరావు గారూ, ఈ ప్రార్థన ఇంకా ఎంత వ్యవధి?” అని సోమయాజులు గారు పళ్ల మధ్యనించి అడిగారు.

“ప్రార్థనకి టైము అడగకూడదండి” అన్నాను.

వెనక కాలేజీ పిల్లలు ఎలాగూ నిలబడే ఉన్నారు గనక గెంతడం మొదలెట్టారు. నేల అదురుతోంది. నేను వీర్రాజుని చూశాను. మొదట్లో ఆయన బుద్ధిగా చేతులు జోడించుకుని నిలబడ్డాడు. కాసేపటికి చేతులు విడిపోయాయి. తల ఒక పక్కకి వంచి, చెవి పెట్టి వింటున్నాడు. ఇంకాసేపటికి ఆయన కుడికాలు తాళం వేస్తోంది. ఆయనకి తెలిసినట్టు లేదు.

చివరికి మళ్లీ మొదటి పాటకే వచ్చారు. “కట్టుకోను, కట్టుకోను, పో!” అని ఆపేశారు. హాలంతా సద్దుమణిగింది. ప్రార్థన తరవాత చప్పట్లు కొట్టడం ఆచారం కాదు, ఆ సంగతి అందరికీ తెలుసు. వీర్రాజుకి తెలియదు. ఒక్కడే కొట్టాడు, ఇంజన్ల మీద పనిచేసిన చేతులతో. ఆ వెనక హాలు హాలంతా కొట్టింది.

మంత్రిగారి మోకాళ్లు పట్టేశాయి. ఇద్దరు పట్టుకుని కారెక్కించారు. పోతూ పోతూ “ఇంత భక్తి నేను ఎక్కడా చూళ్లేదు” అన్నారు. ఆయన వెళ్లాక ప్రసంగించే ఓపిక ఎవరికీ లేదు. మా సమితి చరిత్రలో ఉపన్యాసం లేని సభ అదొక్కటే.

సన్మానమైనా దక్కించుకుందామని వీర్రాజుని వేదిక మీదికి పిలిచాను. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చాను.

“నాకు మాట్లాడ్డం రాదండి” అన్నాడు. మైకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “స్టార్టింగులో కొంచెం దగ్గిందండి. అందుకున్నాక ఎక్కడా ఆగలేదు.” కూతురి వైపు తిరిగాడు. “సోమవారం ఆ కౌన్సెలింగుకి ఎల్లకమ్మా. ఆ నూకరాజు డ్రమ్ము బోల్టు వదులైంది, బిగించాలి.”

మౌనిక చెమట మొహంతోనే ఏడుస్తూ నవ్వుతోంది. ఇదే అదనని నేను శాలువా విప్పి, కుర్చీ చూపించి, “వీర్రాజు గారూ, కూర్చోండి” అన్నాను.

ఆయన కుర్చీని చూశాడు. నన్ను చూశాడు.

“కూర్చోనండి” అన్నాడు.

జనం కేకలకి హాలు పైకప్పు ఎగిరిపోయినంత పనయింది. ఆయన డ్రమ్ముల వైపు నడిచాడు, జేబులోంచి స్పానరు తీస్తూ.

*

సోమయాజులు గారు ఊరుకునే మనిషి కారు. మంత్రిగారు భక్తిని మెచ్చుకున్నారు గనక ఆ పాటే తమ కార్యాలయంలో రోజూ ప్రార్థనగా మోగించాలని ఉత్తర్వు ఇచ్చారు. రికార్డింగు ఆగకుండా తిరిగి తిరిగి వస్తుంది. ఎక్కడ అయిపోయిందో తేల్చే అధికారం ఎవరికీ లేదు. అంచేత సిబ్బంది అంతా నిలబడే పనిచేస్తున్నారు. ఎత్తు బల్లల కోసం టెండరు పిలిచారని విన్నాను.

తుప్పు ఇప్పుడు పెద్ద ఊళ్లలో టిక్కెట్లు పెట్టి పాడుతోంది. మొన్న మన రేవులోనే పాడుతున్నారని తెలిసి వెళ్లాను. శాలువా సంచిలో పెట్టుకునే వెళ్లాను, అలవాటు మరి. పాట మొదలైంది. జనమంతా లేచి నిలబడ్డారు, చుట్టూ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వీర్రాజు పక్కన నిలబడి మొదట్నించి చివరిదాకా విన్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ సంచి దులిపితే శాలువా అందులోనే ఉంది, మడత విప్పకుండా. కప్పడం మర్చిపోయాను. ఇలాంటి లోపం నా వల్ల ముందెన్నడూ జరగలేదని సమితికి విన్నవించుకోవాలి.